ఎలుక లాలాజల నాళాల్లో కెరాటిన్: రంగు పలచబడితే తంతువు పోయినట్టేనా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, ఎందుకంటే జవాబులో సగం ఆ ప్రశ్నలోనే దాగి ఉంది. మీరు చెన్నైలో ఓరల్ పేథాలజీలో పీజీ చేస్తూ, మగ చిట్టెలుకల సబ్‌మాండిబులర్ గ్రంథి (దవడ కింది లాలాజల గ్రంథి) పారాఫిన్ సెక్షన్లకు, అంటే మైనంలో పొదిగి కోసిన పలుచని ముక్కలకు, చిట్టెలుకలోనే తయారైన, అనేక కెరాటిన్లను ఒకేసారి పట్టే పాన్-కెరాటిన్ యాంటీబాడీ వేసి, బయోటిన్ అనే విటమిన్‌ను అవిడిన్ అనే ప్రోటీన్ పట్టుకోవడం మీద ఆధారపడే బయోటిన్-అవిడిన్ కిట్‌తో గోధుమ రంగు తెప్పించారు. పెద్ద విసర్జక నాళాలు చక్కగా పట్టాయి, చారల నాళాలు ముదురుగా వచ్చాయి, కణికలు నిండిన మెలికల నాళికల్లో మాత్రం రంగు అంచుల వెంట సన్నని గీతలా మిగిలి మధ్యభాగం వెలవెలబోయింది, చుట్టూ ఉన్న సంయోజక కణజాలంలో కూడా అక్కడక్కడ గోధుమ చుక్కలు కనిపించాయి. దీన్ని చూసి కణికల నాళిక కణాలు కెరాటిన్‌ను కోల్పోయాయని రాయమని మీకు సలహా ఇచ్చారు; అలా రాయవచ్చా అని మీ సందేహం.

రాయకూడదు. అయితే దానికి కారణం మీరు ఊహించినది కాకపోవచ్చు. మీరు అనుమానిస్తున్న పలుచని గీత చాలావరకు నిజమే అయి ఉంటుంది. మీరు నిశ్చింతగా నమ్మిన చారల నాళాల ముదురు రంగునే నేను ముందుగా అనుమానిస్తాను. దంత వైద్య కళాశాలల ప్రయోగశాలల్లో ఇరవై ఎనిమిదేళ్లుగా ఇలాంటి స్లైడ్లు చూస్తున్న అనుభవంతో చెబుతున్నాను, లాలాజల గ్రంథి వంటి మోసకారి కణజాలం మరొకటి అరుదు.

మొదట తంతువు సంగతి. కణంలోని మూడు రకాల పోగుల్లో యాక్టిన్ సుమారు 7 నానోమీటర్ల మందం, మైక్రోట్యూబ్యూల్ సుమారు 25 నానోమీటర్లు, ఈ రెండింటికీ నడుమ సుమారు 10 నానోమీటర్ల మందంతో ఉండేవి మధ్యస్థ తంతువులు. ఆ పేరు వాటికి మందాన్ని బట్టి వచ్చిందే. అవయవాల, నాళాల ఉపరితలాన్ని కప్పే కణాల పొరలో, అంటే ఎపితీలియంలో, ఈ తంతువులు కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. కెరాటిన్ ఒంటరిగా పోగు కాలేదు. ఆమ్ల స్వభావం గల ఒకటో రకం కెరాటిన్ ఒకటి, క్షార స్వభావం గల రెండో రకం కెరాటిన్ ఒకటి జతకూడి, రెండు పీచులను కలిపి పేనినట్టు ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరుగుతాయి. అలాంటి రెండు జంటలు తలకిందులుగా, కొంచెం జరిగి పక్కపక్కన చేరితే నాలుగు అణువుల కట్ట అవుతుంది. ఆ కట్టలు గుంపులుగా చేరి, గుంపులు మొనలు కలుపుకుని పొడవైన తంతువు తయారవుతుంది. జంటలు తలకిందులుగా చేరడం వల్ల ఈ తంతువుకు తల, తోక అనే భేదం ఉండదు. కనుక యాక్టిన్ మీద మయోసిన్ నడిచినట్టు దీని మీద ఏ మోటారు ప్రోటీనూ దిశ తెలుసుకుని నడవలేదు. పోగు కట్టుకోవడానికి ఏటీపీ కూడా అక్కరలేదు. సాగదీస్తే తన పొడవుకు రెండు రెట్లకు పైగా సాగి కూడా తెగని గుణం దీనికి ఉంది. లాలాజలం ఒత్తిడితో ప్రవహించే గొట్టపు గోడకు అంతకంటె అనువైన నార దొరకదు.

జతల లెక్క మీ పనికి నేరుగా సంబంధించినది. ఒకే వరుస కణాల (సింపుల్) ఎపితీలియంలో ముఖ్యమైన జంట కె8, కె18 (కె అంటే కెరాటిన్, అంకె దాని వరుస సంఖ్య). నాళాల్లో వీటితోపాటు కె7, కె19 కూడా చేరతాయి. అడుగు వరుసలోని బేసల్ కణాల్లోను, లాలాజలం ఊరే కణాల గుత్తిని, అంటే ఆసినస్‌ను, పట్టుకుని ఉండి కండరంలా ముడుచుకునే మయోఎపితీలియల్ కణాల్లోను కె5, కె14 జంట ఉంటుంది. కె19 కెరాటిన్లలో అతి చిన్నది, సుమారు 40 కిలోడాల్టన్లు, దానికి మిగిలిన కెరాటిన్లకున్న తోక భాగం దాదాపు లేదు. ఈ అంకెల పద్ధతికి 1982లో మోల్, ఫ్రాంకె బృందం ప్రకటించిన మానవ కెరాటిన్ల పట్టిక మూలం. 2006లో దాన్ని సవరించి జన్యువుల పేర్లతో కలిపారు. పాత చిట్టెలుక పత్రాలు చదివేటప్పుడు ఎండో-ఎ, ఎండో-బి అనే పేర్లు తగులుతాయి. అవి కె8, కె18లే. ఇది తెలియక, నా దగ్గర పనిచేసిన ఒక విద్యార్థి వాటిని వేరే రెండు ప్రోటీన్లనుకుని సమీక్ష అధ్యాయంలో నాలుగు పేజీలు రాశాడు. వ్రాతప్రతి చూసినప్పుడు నవ్వాలో, జాలిపడాలో తెలియలేదు.

ఇప్పుడు నాళం వెంట నడుద్దాం. ఆసినస్ నుంచి బయలుదేరే అంతర్నాళం కురచ కణాలతో ఉండే సన్నని గొట్టం. దాని చుట్టూ మయోఎపితీలియల్ కణాల చేతులు అల్లుకుని ఉండవచ్చు కాబట్టి, అక్కడ కె14 కనిపించగానే నాళ కణమే రంగు పట్టిందని తీర్మానించకండి. మయోఎపితీలియల్ కణాల్లో ఉండే స్మూత్ మజిల్ యాక్టిన్‌తో జంట రంగు వేసి, రెండూ ఒకే కణంలో ఉన్నాయా, పక్కపక్క కణాల్లో ఉన్నాయా తేల్చుకోండి. ఇక్కడ గ్రంథికీ గ్రంథికీ భేదం కూడా ఉంది: పెద్ద ప్రయోగశాల ఎలుక, అంటే ర్యాట్, పరోటిడ్‌లో (చెవి ముందరి లాలాజల గ్రంథిలో) ఎదిగిన జంతువుకు మయోఎపితీలియల్ కణాలు ప్రధానంగా అంతర్నాళాల చుట్టూ ఉంటాయి తప్ప ఆసినస్‌ల చుట్టూ కాదు. సబ్‌మాండిబులర్ చిత్రాన్ని పరోటిడ్‌కు అంటగట్టే పొరపాటు పాఠ్యపుస్తకాల ప్రభావంతో చాలామంది చేస్తారు.

చారల నాళంలో కణాలు పొడవైన స్తంభాలు. అడుగున పొర లోపలికి అనేక మడతలు పడి, ప్రతి మడతలో మైటోకాండ్రియాలు నిలువుగా బారులు తీరి ఉంటాయి. సూక్ష్మదర్శినిలో కనిపించే చారలు అవే. సోడియం, క్లోరైడ్‌లను వెనక్కి లాగి, పొటాషియం, బైకార్బొనేట్‌లను వదిలి, లాలాజలాన్ని రక్తం కంటే పలుచని ద్రవంగా మార్చే పని ఇక్కడ జరుగుతుంది. ఇంత మైటోకాండ్రియా సంపద మీకు ఎలా చిక్కు తెస్తుందో కాసేపట్లో చెబుతాను.

పెద్ద విసర్జక నాళంలో పై వరుస కణాల కింద బేసల్ కణాల వరుస ఒకటి చేరుతుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఈ బేసల్ కణాల్లో తంతువుల కట్టలు దట్టంగా, కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి; అవి డెస్మోసోమ్‌ల దగ్గర డెస్మోప్లాకిన్ అనే ప్రోటీన్ ద్వారా పొరుగు కణానికి, అడుగున హెమిడెస్మోసోమ్‌ల దగ్గర ప్లెక్టిన్ వంటి ప్రోటీన్ల ద్వారా ఆధార పొరకు ముడిపడి ఉంటాయి. మీ స్లైడులో ఇవి బాగా పట్టడం సహజమే. దాని గురించి ఇంతకంటె చెప్పవలసింది లేదు.

అసలు చిక్కంతా కణికల మెలికల నాళికల్లో ఉంది. ఇవి చిట్టెలుక, ర్యాట్ వంటి మూషిక జాతుల సబ్‌మాండిబులర్ గ్రంథికి ప్రత్యేకం, మనిషిలో లేవు. చిట్టెలుకలో మగదానికి ఇవి పెద్దవిగా, సంఖ్యలో ఎక్కువగా ఉంటాయి, ఆడదానికి చిన్నవి. ఈ లింగభేదాన్ని 1940లో లకసాఞ్ వివరించారు. వృషణాలు తొలగిస్తే నాళికలు కుంచించుకుపోతాయి, ఆడదానికి టెస్టోస్టిరోన్ ఇస్తే మగదానిలా ఉబ్బుతాయి. నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ ఈ కణికల్లోనే పోగుపడి ఉంటాయి. వీటిపై పరిశోధనకే రీటా లెవీ-మాంతల్చీనీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ వచ్చింది. వాటితో పాటు కల్లిక్రీన్ వర్గపు ప్రోటీన్ కోత ఎంజైములు, రెనిన్ కూడా అక్కడే ఉంటాయి.

అటువంటి కణాన్ని ఊహించుకోండి. న్యూక్లియస్ అడుగుకు నెట్టబడి ఉంటుంది. దానిపైన కుహరం (నాళం లోపలి ఖాళీ) దాకా కణికలు బస్తాల్లా పేర్చి ఉంటాయి. తంతువులకు మిగిలే చోటు ఎక్కడ? పక్క గోడల వెంట, డెస్మోసోమ్‌ల దగ్గర, కుహరం వైపు పొర కింద పలుచని వలలా, కణికకూ కణికకూ మధ్య సందుల్లో. ధాన్యం బస్తాలు నిండిన గోదాములో నడిచే దారి గోడ వెంటే మిగిలినట్టు, రంగు అంచు గీతగా కనిపించడం కెరాటిన్ పోయినందుకు కాదు, అది సర్దుకున్నందుకు. పైగా ఉబ్బిన కణంలో ఉన్న తంతువే పెద్ద వైశాల్యంలో పరచుకుంటుంది కనుక చదరపు మైక్రోమీటరుకు రంగు పలచబడుతుంది. కణం మొత్తంలో ఎంత ఉందన్న ప్రశ్నకు అంచు గీత గాఢత జవాబు కాదు. మీకు కనిపించినటువంటి గీతలను నేనూ చాలా సెక్షన్లలో చూశాను. మందం 4 మైక్రోమీటర్ల పారాఫిన్ సెక్షనులో కన్నా కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శినిలో పొరలు పొరలుగా చూసినప్పుడు ఆ గీత వలగా విడివడుతుంది.

ఈ మాట రుజువు చేయడానికి కొత్త ప్రయోగం కనిపెట్టనక్కరలేదు, జంతువే దాన్ని సిద్ధం చేసి ఉంచింది. అదే వయసు ఆడ చిట్టెలుకల గ్రంథిని, అదే రోజు, అదే స్లైడు మీద మగదాని పక్కన పెట్టి రంగు వేయండి. కణికలు తక్కువగా ఉన్న ఆడదాని నాళిక కణాల్లో రంగు సైటోప్లాజంలో విస్తరించి, మగదానిలో అంచుకు చేరితే, చోటు సమస్యే అన్న వాదన బలపడుతుంది. మగదాని పరోటిడ్ సెక్షను కూడా ఒకటి చేర్చండి. అందులో కణికల నాళికలు లేవు, చారల నాళాలు ఉన్నాయి. ఒకే జంతువు, ఒకే హార్మోను స్థితి, కణికలు లేని నాళం: ఇంతకంటె మంచి పోలిక మరొకటి దొరకదు. జంతువుల సంఖ్య పెంచాలంటే నైతిక సంఘం అనుమతిని సవరించుకోవాలి, కానీ మీ దగ్గర ఇప్పటికే ఉన్న జంతువుల పరోటిడ్‌ను పారేయకుండా భద్రపరిచి ఉంటే ఆ శ్రమ సగం తగ్గుతుంది.

ఇక మీరు అనుమానించని ముదురు రంగు సంగతి. బయోటిన్ శరీరంలో సహజంగా ఉండేదే. పైరువేట్ కార్బాక్సిలేజ్ వంటి మైటోకాండ్రియా ఎంజైములకు అది అతుక్కుని ఉంటుంది. మైటోకాండ్రియాలు కిక్కిరిసిన కణం అంటే బయోటిన్ కిక్కిరిసిన కణం. మీ కిట్‌లోని అవిడిన్‌కు అది మీరు వేసిన బయోటినా, కణంలో పుట్టిన బయోటినా తెలియదు. సిట్రేట్ బఫరులో సెక్షన్లను కాగబెట్టి యాంటిజెన్‌ను బయటికి తెచ్చే క్రియలో ఈ దాగిన బయోటిన్ కూడా బయటపడి, సమస్య ఇంకా పెరుగుతుంది. కనుక చారల నాళాలు ముదురుగా, మైటోకాండ్రియాలు బారులు తీరిన అడుగువైపే గట్టిగా పట్టి ఉంటే, మీరు చూస్తున్నది కెరాటిన్ కాకపోవచ్చు. ఆ పక్కనే ఉన్న కణికల నాళిక పలుచగా కనిపించడానికి, కొంతవరకు ఈ పొరుగు అబద్ధపు ముదురుతనం వల్ల కలిగే భ్రమ కారణం కావచ్చు.

రెండోది, సంయోజక కణజాలంలోని గోధుమ చుక్కలు. చిట్టెలుక యాంటీబాడీని చిట్టెలుక కణజాలం మీద వేసి, చిట్టెలుక యాంటీబాడీని పట్టే ద్వితీయ యాంటీబాడీని వాడితే, అది జంతువు సొంత యాంటీబాడీలను కూడా పట్టేస్తుంది. లాలాజల గ్రంథిలో ఈ ప్రమాదం మామూలుకంటే ఎక్కువ, ఎందుకంటే ఐజీఏ అనే యాంటీబాడీని తయారుచేసే ప్లాస్మా కణాలు ఆసినస్‌ల, నాళాల పక్కనే కాపురం ఉంటాయి. ద్వితీయ యాంటీబాడీ ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీకి వ్యతిరేకంగా చేసినదైనా, రెండింటికీ ఉమ్మడిగా ఉండే తేలిక గొలుసును గుర్తించేదైతే ఐజీఏను వదలదు. మూడోది, ఎలుకల లాలాజల గ్రంథులు పెరాక్సిడేజ్‌ను (మీ కిట్‌లో రంగు తెప్పించే రకం ఎంజైమును) స్వయంగా తయారుచేస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో దాన్ని ముందు సరిగా అణచకపోతే డీఏబీ అనే రంగు రసాయనం దానంతట అదే గోధుమగా మారుతుంది.

ఏది ఏ దోషమో తేల్చడానికి మూడు అదనపు స్లైడ్లు చాలు. ఒకదానికి డీఏబీ మాత్రమే వేయండి. రంగు వస్తే అది పెరాక్సిడేజ్. ఇంకొకదానికి రెండు యాంటీబాడీలూ మాని, అవిడిన్ సమ్మేళనం, డీఏబీ వేయండి; చారల నాళాలు గోధుమగా మారితే అది బయోటిన్. మరొకదానికి మొదటి యాంటీబాడీ ఒక్కటే మాని మిగిలినవన్నీ వేయండి. చుక్కలు వస్తే అది ప్లాస్మా కణాల పని. నా అనుభవంలో పీజీ థీసిస్‌లలో ఈ మూడూ ఒకేసారి చేసినవి వేళ్లమీద లెక్కించవచ్చు, అందరూ మూడో స్లైడు ఒక్కటి చేసి దానికే నెగెటివ్ కంట్రోల్ అని పేరు పెడతారు.

మందు కూడా సులభమే. బయోటిన్ లేని పాలిమర్ కిట్‌కు మారండి. కె8 కోసం ట్రోమా-1 అనే యాంటీబాడీ తెప్పించుకోండి. అది ర్యాట్‌లో తయారైనది, చిట్టెలుక కె8ను గుర్తిస్తుంది, చిట్టెలుక ప్రోటీన్లతో అడ్డతాకిడి తీసేసిన యాంటీ-ర్యాట్ ద్వితీయ యాంటీబాడీతో వాడితే సంయోజక కణజాలం శుభ్రంగా వస్తుంది. మీరు తర్వాత ర్యాట్ గ్రంథికి మారితే మాత్రం ఇదే యాంటీబాడీ ఇదే చిక్కు తెస్తుంది, అప్పుడు కుందేలు యాంటీబాడీలను వెతకండి. మానవ కణజాలంలో నిత్యం వాడే కె7 యాంటీబాడీ చిట్టెలుకలోనూ పనిచేస్తుందని అనుకోకండి. కంపెనీ పత్రంలో జాతుల వరుస చదివి, చిట్టెలుక మూత్రాశయం సెక్షను మీద మీరే పరీక్షించాకే గ్రంథి మీద వేయండి.

ఫార్మలిన్ కొన్ని ఎపిటోప్‌లను (యాంటీబాడీ పట్టుకునే చోట్లను) మూసేస్తుంది కనుక, కుదిరితే కొన్ని క్రయో (గడ్డకట్టించి కోసిన) సెక్షన్లు మైనస్ 20 డిగ్రీల అసిటోన్‌తో స్థిరపరచి చూడండి. ఇక్కడ మన ఊరి వాతావరణం గురించి ఒక మాట. చెన్నై గాలిలో తేమకు, ఫ్రీజరులోంచి తీసిన స్లైడు పెట్టె మూత వెంటనే తెరిస్తే క్షణాల్లో గాజు మీద నీరు పట్టి, తంతువుల వల చెదిరి ముద్దగా కనిపిస్తుంది. పెట్టెను మూసే ఉంచి, గది ఉష్ణోగ్రతకు వచ్చాకే తెరవండి. మే నెలలో పారాఫిన్ బ్లాకు మెత్తబడి సెక్షను నలిగిపోతుంటే, బ్లాకును మంచు మీద పెట్టి కోయడం మా పాత సహాయకుడు నేర్పిన పని. ఏసీ నమ్ముకున్నవాళ్లు కరెంటు పోయిన రోజున దాన్ని మళ్లీ నేర్చుకుంటారు. గ్రంథిని తీసేటప్పుడు సబ్‌లింగ్వల్ గ్రంథి దానికి అంటుకుని ఉంటుందని, లింఫు గ్రంథులు పక్కనే ఉంటాయని మరవకండి, వాటిని విడదీయకుండా తూచినా, రుబ్బినా లెక్కలు తప్పుతాయి.

రుబ్బడం అన్నాను కనుక, ప్రోటీన్లను జెల్‌లో పరిమాణం వారీగా విడదీసి యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్ గురించి. రంగు గాఢతతో మొత్తం చెప్పలేమన్నాను కాబట్టి మీరు తప్పక బ్లాట్ వైపు వెళతారు, అక్కడ రెండు గుంటలు ఉన్నాయి. కెరాటిన్ తంతువులు తేలికపాటి డిటర్జెంటులోను, గాఢ ఉప్పు ద్రావణంలోను కరగవు. మామూలు లైసిస్ (కణాలను పగలగొట్టే) బఫరులో రుబ్బి, సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవాన్ని మాత్రం జెల్‌లో వేస్తే, మీరు వెతుకుతున్న ప్రోటీన్ చెత్తబుట్టలోకి వెళ్లిన మడ్డిలో ఉంటుంది. మడ్డిని యూరియాలోగానీ, ఎస్‌డీఎస్ అనే గట్టి డిటర్జెంటు ఉన్న వేడి బఫరులోగానీ కరిగించాలి. రెండో గుంట మగ చిట్టెలుకకే ప్రత్యేకం: కల్లిక్రీన్లతో నిండిన కణికలు రుబ్బగానే పగిలి, ప్రోటీన్లను కోయడం మొదలుపెడతాయి. ఆడదానిలో కోత తక్కువ, మగదానిలో ఎక్కువ. జాగ్రత్త తీసుకోకపోతే, మగ గ్రంథిలో కె8 తక్కువ ఉందన్న తప్పుడు ఫలితం బ్లాట్‌లోనూ వచ్చి, మీ స్లైడును సమర్థించినట్టు కనిపిస్తుంది. రెండు వేరు వేరు తప్పులు ఒకే అబద్ధాన్ని చెప్పినప్పుడు దాన్ని కాదనడం పరీక్షకుడికి కూడా కష్టం. అందుకే గ్రంథిని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి, పొడి చేసి, నేరుగా మరిగే ఎస్‌డీఎస్ బఫరులో వేయండి. చేతి తొడుగులు మరవకండి. మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపితే మీ వేళ్ల చర్మపు కె1, కె10 గ్రంథి కెరాటిన్లకంటే ముందు వరుసలో కూర్చుంటాయి.

కెరాటిన్ ఉన్నా లేకున్నా కణానికి పెద్ద తేడా ఏముందని మీ మార్గదర్శకులు అడిగితే, కె8 జన్యువు తీసేసిన చిట్టెలుకల కథ చెప్పండి. 1993లో ప్రకటించిన పనిలో ఒక వంశపు పిండాలు గర్భం మధ్యలోనే చనిపోయాయి. 1994లో అదే జన్యువును వేరే వంశంలో తీసేస్తే బతికి, పెద్ద పేగులో కణజాలం అతిగా పెరిగి, వాపు వచ్చింది. కె18 తీసేసిన చిట్టెలుకలు మాత్రం బతికాయి, ఎందుకంటే కె19 ఆ జతలో కె18 స్థానాన్ని కొంతవరకు పూరించగలదు. కె18, కె19 రెండూ తీసేస్తే పిండం బతకదు. మీకు ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది: నాళ కణంలో ఒక్క కెరాటిన్ రంగు తగ్గినంత మాత్రాన తంతువుల వల తగ్గిందని అర్థం కాదు, దాని జతగాడు మారి ఉండవచ్చు. అందుచేత కె8తో పాటు కె18, కె19 రెండూ వేరు వేరుగా చూడకుండా, పాన్-కెరాటిన్ ఒక్కటి పెట్టుకుని లాభనష్టాలు లెక్కించకండి. పాన్ అన్న పేరే గానీ, ఆ మిశ్రమాలు అన్ని కెరాటిన్లను సమానంగా పట్టవు.

ఈ పనులన్నీ చేయడానికి గడువు లేకపోతే, ఉన్న స్లైడ్లతోనే రాయవలసి వస్తే, "కణికల మెలికల నాళికల్లో పాన్-కెరాటిన్ రంగు కణం అంచులకు పరిమితమై కనిపించింది" అని రాసి ఆపండి. కోల్పోయింది, తగ్గింది అనే క్రియలు వాడకండి. చారల నాళాల గురించి వాక్యాన్ని మాత్రం, బయోటిన్ స్లైడు చేసేదాకా పెన్సిల్‌తోనే ఉంచండి.